చంద్రకాంతమ్మ లెక్క

భార్య కర్మాంతరాలు ముగిసిన మరునాడు చెంగయ్య పెట్టుకున్న పని ఒక్కటే. తలకు నీళ్ళు పోసుకుని, ఒక గ్లాసు కాఫీ తాగి, సైకిలెక్కి చిత్తూరు బెల్లం మండీకి పోయి తన కాటా ముందర నిలబడడం. రెండు వారాలుగా అక్కడ వేరొకడు తూకం వేస్తున్నాడు. వాడు కాటా ముల్లు చూడకుండా రైతు మొహం చూసి తూకం చెప్పే రకమని చెంగయ్య అనుమానం. ఆ మాటకొస్తే చెంగయ్య అనుమానించని మనిషి మండీలో లేడు. కాటా దగ్గర సగం బతుకు గడిపినవాడికి లోకమంతా ఏదో ఒక పక్కకు వాలినట్టే కనబడుతుంది. రైతు బెల్లంలో మట్టి కలుపుతాడు, షావుకారు తరుగు తీస్తాడు, మూట మోసేవాడు తట్ట అంచున కాలు ఆనిస్తాడు. మనిషై పుట్టినవాడు ఎక్కడో ఒకచోట వేలు పెట్టకుండా ఉండడు, ఎక్కడ పెట్టాడో కనిపెట్టడమే తెలివి అని అతని సిద్ధాంతం.

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటేడు, వానలు మొదలైన రోజుల్లో, చంద్రకాంతమ్మ జ్వరమొచ్చి పోయింది. పిల్లలు లేరు. చెంగయ్య ఏడ్చాడు, లేనిపోనిది చెప్పకూడదు. కాకపోతే ఏడుస్తూ ఏడుస్తూనే, డాక్టరు రాసిన సూదుల్లో నిజంగా వేసినవి ఎన్నో, అమ్ముకున్నవి ఎన్నో అని లెక్క కూడా వేసుకున్నాడు.

ఆ పొద్దున అతను కాఫీ గ్లాసు నోటి దగ్గర పెట్టుకునేసరికి గుమ్మం బయట ఒక మనిషి వచ్చి నిలబడ్డాడు. ఉతికిన పంచె, భుజాన కండువా, చంకలో గుడ్డసంచి. తన పేరు కుప్పయ్య అనీ, నగరిలో మగ్గాలున్నాయనీ, చంద్రకాంతమ్మ తన దగ్గరే చీరలు తెచ్చుకుని ఇక్కడ వీధిలో అమ్మేదనీ చెప్పాడు. చావు కబురు ఆలస్యంగా తెలిసిందని కళ్ళు తుడుచుకున్నాడు. తుడుచుకుని, గొంతు తగ్గించి అసలు మాట చెప్పాడు.

"అక్కకూ నాకూ మధ్యన ఒక లెక్క నిలిచిపోయిందన్నా. అది నీతో తేల్చుకోవాల."

"ఏం లెక్క? ఎంత?"

కుప్పయ్య రెండు చెవులూ మూసుకున్నాడు. "ఇప్పుడు జెప్పకూడదు. నెల మాసికం కానిదే చావింట్లో దుడ్ల మాట ఎత్తేది మా మగ్గాలోళ్ళకు ఆచారం లేదు. ఆ పొద్దు వస్తా. అన్నం తిని, చెయ్యి కడుక్కోని, తేల్చుకుందాం."

ఉజ్జాయింపుగానైనా చెప్పమని చెంగయ్య పట్టుబట్టాడు. కుప్పయ్య తల వంచుకుని, "తక్కువేం గాదన్నా," అని మాత్రం అన్నాడు. కాఫీ తాగమంటే వద్దన్నాడు, మంచినీళ్ళు కూడా ముట్టకుండా వెళ్ళిపోయాడు.

చెంగయ్య ఆ రోజు మండీకి పోలేదు. అతని లెక్కలో, లెక్క తేల్చుకోవాలని ఒకరి గడప తొక్కేవాడు పుచ్చుకోవడానికే వస్తాడు. ఇయ్యడానికి ఇంతదూరం బస్సు చార్జీ పెట్టుకుని వచ్చినవాణ్ణి అతను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. పైగా నీళ్ళు కూడా ముట్టలేదంటే, బాకీపడిన ఇంట నీళ్ళు తాగితే మొహమాటం అడ్డొస్తుందని కాక మరెందుకు?

చంద్రకాంతమ్మ చీరల వ్యాపారం సంగతి అతనికి నిజంగా ఏమీ తెలియదు. తెలియకపోవడానికి కారణం కూడా అతనే. ఆమె మొదటిసారి నగరి నుంచి చీరల మూట తెచ్చిన రోజే, నీ గుడ్డల లెక్కలు నా దగ్గరికి తేవద్దు అని గట్టిగా చెప్పేశాడు. ఎక్కడ పెట్టుబడి అడుగుతుందో అని ముందుజాగ్రత్త. ఆమె అడగలేదు, చెప్పలేదు. చీరలు తెచ్చేది, వీధిలో ఆడవాళ్ళకు వాయిదాల మీద ఇచ్చేది, చదువు రాదు కాబట్టి లెక్కంతా నోటిమీదే ఉంచుకునేది. ఆ నోరు ఇప్పుడు లేదు.

అత్త సిద్ధమ్మ ఇంట్లోనే ఉంది. మాసికం దాకా కూతురికి దీపం పెట్టడానికని పూతలపట్టు నుంచి వచ్చి ఉంది. ముసలామె మనిషి చిన్నది, మాట పెద్దది. చెంగయ్య ఆమెను వంటింటి గడపలో నిలేశాడు.

"నీ కూతురు నగరిలో ఎంత బాకీ పడింది, అత్తా?"

"నా కూతురు ఒకరికి పడుండే మనిషి గాదు, అల్లుడా. దానికి ఒకరు పడుంటే ఉండొచ్చు."

ముసలిదానికి అంతా తెలుసుననీ, తెలిసే దాస్తున్నదనీ చెంగయ్య వెంటనే గ్రహించాడు. తెలియనివాళ్ళు అంత తొందరగా జవాబు చెప్పరు.

ఆ మధ్యాహ్నం అతను ఇల్లంతా వెతికాడు. అటక మీద కొత్త ఇత్తడి అండా ఒకటి ఉంది. పెట్టెలో పట్టుచీర, దాని మడతలో వెండి కుంకుమభరిణె ఉన్నాయి. వంటింట్లో పంపు కొట్టే స్టవ్వు ఏడాదిగా ఉన్నదే అయినా అది ఎక్కడి నుంచి వచ్చిందని అతను ఎప్పుడూ అడగలేదు. ఇంకొకడైతే ఇంట్లో ఇన్ని మంచి వస్తువులున్నాయని సంతోషించేవాడు. చెంగయ్యకు కనబడిన ప్రతి వస్తువూ ఒక అప్పే. అండాను చేత్తో ఎత్తి బరువు చూసి, ఇంత అప్పా అని నిట్టూర్చాడు.

దానికి తోడు వీధిలో ఆడవాళ్ళు పరామర్శకు రావడం ఎక్కువైంది. వచ్చినవాళ్ళు కాసేపు కళ్ళొత్తుకుని, వెళ్ళేముందు గుమ్మం దగ్గర ఆగి ఒకే ప్రశ్న అడిగేవాళ్ళు. పోయేముందు అక్క తమ గురించి ఏమైనా చెప్పిందా అని. వీళ్ళ దగ్గర కూడా చేబదుళ్ళు తీసుకుందన్నమాట అనుకున్నాడు చెంగయ్య. గుండె రాయి చేసుకుని, "ఏమీ జెప్పలే. నాకేమీ తెలీదు. తెలుసుకునే పని గూడా లేదు," అని అందరికీ ఒకే జవాబు చెప్పాడు. ఆ మాట వినగానే ఒక్కొక్కరి మొహం తేటపడింది. ఎదురింటి నిర్మలమ్మ అయితే, ఇంత మంచి మనిషిని తానెక్కడా చూడలేదని చేతులెత్తి మొక్కి, సాయంత్రం ఒక గిన్నె నిండా చింతచిగురు పప్పు పంపింది. అందులో ఏం కలిపిందోనని చెంగయ్య దాన్ని ముందు అత్తకు పెట్టాడు.

ఇంక లాభం లేదని మర్నాడు రిజిస్ట్రారు ఆఫీసు పక్క రేకుల కింద కూర్చునే దస్తావేజుల మునస్వామి దగ్గరికి పోయాడు. మునస్వామి ప్లీడరు కాడు గానీ, ప్లీడర్లకు సందేహమొస్తే వాళ్ళు కూడా ఒకసారి అతని బల్ల దగ్గర ఆగి పోతారని చెప్పుకుంటారు. చెప్పుకునేవాళ్ళలో మొదటివాడు మునస్వామే. చెంగయ్య చెప్పిందంతా విని అతను ఒకటే అడిగాడు.

"నువ్వు యాడన్నా పూచీపడి చేవ్రాలు పెట్టినావా?"

"నేను చేవ్రాలు పెట్టేది మండీలో కూలి తీసుకునే కాడ ఒక్కటే."

"అయితే నిశ్చింతగా పండుకో పో. పెండ్లాం చేసిన అప్పుకు మొగుడి సొత్తు పూచీ గాదు. ఆయమ్మ వదిలిపోయిన సొత్తు ఏముంటే దాంట్లో నుంచే అప్పులోడు తీసుకోవాల. ఆ సొత్తు నీకు వచ్చుంటే, వచ్చిన కాడికి నువ్వు కట్టాల. రాకుంటే ఒక్క పైసా అక్కర్లేదు."

భార్య పోయినప్పటి నుంచీ చెంగయ్య ఊపిరి నిండుగా పీల్చింది ఆ క్షణంలోనే. అది బయటికి వదిలేలోగా మునస్వామి కలం మూత పెడుతూ, మాటవరసకు అన్నట్టు, ఇల్లు ఎవరి పేరు మీద ఉందని అడిగాడు.

ఇల్లు చంద్రకాంతమ్మ పేరు మీద ఉంది.

అలా ఉండడానికి పదేళ్ళ కథ ఉంది. తండ్రి పోయాక పాకాల దగ్గరి మామిడితోపు అమ్మి అన్నదమ్ములు సగం సగం పంచుకున్నారు. ఆ తర్వాత రెండేళ్ళకు చెంగయ్య చిత్తూరులో స్థలం కొని, రెండు గదుల పెంకుటిల్లు కట్టాడు. అది అచ్చంగా అతని కష్టార్జితం. మండీలో కూలి దాచి, తిన్నది సగం తినక కూడబెట్టింది. కానీ తమ్ముడు దేవరాజులు నమ్మలేదు. తోపు అమ్మినప్పుడు అన్న తనకు ధర తక్కువ చెప్పి, మిగిలినదానితో ఇల్లు కట్టాడని ఊరంతా చాటాడు. వాడు దావా వేస్తాడేమోనన్న అనుమానంతో చెంగయ్య ఇంటిని భార్య పేరున రాయించాడు. పేరు చూడగానే దేవరాజులుకు అనుమానం తీరి, మోసం జరిగిందన్న నమ్మకమే కలిగింది. అప్పటి నుంచి అన్నదమ్ములకు మాటల్లేవు. వదిన చావుకు దేవరాజులు వచ్చాడు గానీ, శవం కంటే ఇంటి దూలాల వైపే ఎక్కువసేపు చూశాడని చెంగయ్య ఏడుపులో కూడా కనిపెట్టాడు.

"ముందు ఆ నగరి మనిషి కాడికి పోయి బాకీ ఎంతో కనుక్కో," అన్నాడు మునస్వామి. "చిన్నదైతే కట్టి పారెయ్."

"అడిగితే బాకీ ఒప్పుకున్నట్టు గాదా?"

మునస్వామి కలం మూత మళ్ళీ తీశాడు. తన తెలివికి తనకే ముచ్చటేసి, ఇంటిని కాపాడే దారి చెప్పమన్నాడు చెంగయ్య. మునస్వామి గడ్డం గోక్కుని ఆలోచించాడు. కాగితంలో పేరు ఆమెది అయినా, డబ్బు వేరేవాళ్ళదని తేలితే ఇల్లు ఆమె ఆస్తి కాదనీ, అప్పులవాడు దాని జోలికి రాలేడనీ చెప్పాడు. డబ్బు నాదే అన్నాడు చెంగయ్య. నీ ఒక్కడి మాట చెల్లదు, అప్పులవాడు వచ్చాక అల్లిన కథ అంటారు, ముందు నుంచీ ఆ ఇంటి మీద హక్కు చెప్పుకుంటున్నవాడు ఇంకొకడుంటే వాడి సాక్ష్యం బంగారం అన్నాడు మునస్వామి. అలాంటివాడు లోకంలో ఒక్కడే ఉన్నాడు.

చెంగయ్య ఆ రాత్రంతా వేరే దారి వెతికాడు. అబద్ధపు సాక్ష్యానికి ఎవరిని నమ్మవచ్చునో ఒక్కొక్కరినే తలుచుకున్నాడు. షావుకారు నమ్మదగినవాడు కాడు, మండీవాళ్ళు అసలే కాదు. చివరికి తేలిందేమిటంటే, తనను దొంగ అని నమ్మినవాడొక్కడే తనకు ఇప్పుడు పనికొచ్చేవాడు. తెల్లారి రైలెక్కి పాకాల పోయాడు.

దేవరాజులు సైకిల్ షాపులో ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలు చూస్తున్నాడు. పదేళ్ళ తర్వాత గుమ్మంలోకి వచ్చిన అన్నను చూసి లేవలేదు, కూర్చోమనలేదు. చెంగయ్యే పక్కనున్న డబ్బా తిప్పుకుని కూర్చున్నాడు.

"నేను నిన్ను మోసం చేసినానురా," అన్నాడు.

దేవరాజులు ట్యూబు ఇంకో మడత ముంచాడు. "ఎందుకట్ల అంటాండావు?"

"ఆ ఇల్లు మన తోపు దుడ్లతోనే కట్టినా. నీకు ధర తక్కువ జెప్పినా."

"లేదులేన్నా. నీ కష్టంతోనే కట్టినావు. పదేండ్లుగా నువ్వే జెప్తాండావు గదా."

"అప్పుడు అబద్ధం జెప్పినా."

"ఇప్పుడు జెప్పేది నిజమని ఏం గ్యారంటీ?"

చెంగయ్యకు ఒళ్ళు మండిపోయింది. పదేళ్ళు నిజం చెప్తే నమ్మనివాడు ఇప్పుడు అబద్ధం చెప్తే కూడా నమ్మడు. తాను మోసగాడినని ఒప్పించడానికి ఆ షాపులో గంటసేపు తిప్పలు పడ్డాడు. తోపు ఎవరికి ఎంతకు అమ్మాడో, ఎంత దాచాడో, ఏ కుండలో దాచాడో అక్కడికక్కడ కల్పించి చెప్పాడు. దేవరాజులు అన్నీ విని, ట్యూబుకు అతుకు వేసి, ఆరబెట్టి, అప్పుడు చల్లగా అన్నాడు.

"వదిన అప్పులు చేసి పోయుంటాది. ఇల్లు నాది గూడా అంటే దాంట్లో సగం అప్పు నా తలకు చుట్టొచ్చు. అదీ నీ ఎత్తు."

చెంగయ్య ఉలిక్కిపడ్డాడు. తన తమ్ముడు అన్నందుకు ఎక్కడో ఒకచోట పోలిక ఉండాలి కదా. అలాంటిదేమీ లేదని నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. నెత్తిన చెయ్యి తనకు చాలదన్నాడు దేవరాజులు.

"కాణిపాకంలో ప్రమాణం చేస్తావా? సామి ముందర, పెద్దమనుషుల ముందర, నేను తమ్ముణ్ణి మోసం చేసి ఈ ఇల్లు కట్టినానని?"

ఆ చుట్టుపక్కల ఎవరూ కాణిపాకం పేరు ఊరికే ఎత్తరు. కోర్టులో గెలిచిన వ్యాజ్యాలు కూడా అక్కడ ప్రమాణం చెయ్యమనేసరికి రాజీకి వచ్చేస్తాయి. వినాయకుడి ముందర అబద్ధం ఆడినవాడు బాగుపడడని చిన్నపిల్లలకు కూడా తెలుసు. చెంగయ్యకూ తెలుసు. కానీ ఒక పక్క కనబడని దేవుడి కోపం, ఇంకొక పక్క కనబడే పెంకుటిల్లు. ముల్లు ఎటు వాలిందో చెప్పనక్కరలేదు.

బుధవారం పొద్దున తడిబట్టలతో స్వామి ముందర నిలబడ్డాడు. పాకాల నుంచి దేవరాజులు తెచ్చుకున్న ఇద్దరు పెద్దమనుషులు పక్కన నిలబడ్డారు. తమ్ముణ్ణి మోసం చేశానని చెంగయ్య గట్టిగా చెప్పాడు. లోపల మాత్రం, ఇది అప్పులవాడి కోసం చెప్పే మాట సామీ, నీ లెక్కలో రాసుకోవద్దు అని వేడుకున్నాడు. స్వామి విన్నాడో లేదో అనుమానమొచ్చి ఇంకోసారి లోపల చెప్పుకున్నాడు. ప్రమాణం పూర్తికాగానే దేవరాజులు అన్న కాళ్ళకు దండం పెట్టాడు. పెద్దమనుషులు చెంగయ్య భుజం తట్టి, తప్పు ఒప్పుకోవడానికి కూడా ఒక గుండె కావాలని మెచ్చుకున్నారు. పదేళ్ళు నిజం చెప్పి మోసగాడనిపించుకున్నవాడు ఒక్క అబద్ధంతో పెద్దమనిషి అయ్యాడు.

ఆ సాయంత్రమే మునస్వామి బల్ల దగ్గర స్టాంపు కాగితం మీద అంతా రాయించారు. ఇల్లు ఉమ్మడి సొమ్ముతో కట్టినదనీ, చంద్రకాంతమ్మది పేరు మాత్రమేననీ, అన్నదమ్ములిద్దరికీ చెరిసగమనీ రాశాడు మునస్వామి. సగం అనే మాట దగ్గర చెంగయ్య కలం ఆపమన్నాడు. కాగితంలో సగమే కదా, అప్పులవాడి పీడ వదిలాక తమ్ముడితో మెల్లగా తేల్చుకోవచ్చులే అనుకుని రాయనిచ్చాడు. ఆపైన కాగితం ఇంకా గట్టిగా ఉండాలన్నాడు. భార్య ఇయ్యవలసినదానితో తనకు సంబంధం లేదని రాయమన్నాడు. మునస్వామి రాశాడు. రావలసినదానితో కూడా సంబంధం లేదని రాయమన్నాడు.

"అదెందుకబ్బా? ఇయ్యాల్సింది ఒక్కటీ సాలదా?"

"రెండు తట్టలూ ఖాళీగా ఉంటేనే ముల్లు మద్దెన నిలబడేది. నువ్వు రాయి."

మరి ఆమె లావాదేవీలన్నీ ఎవరివని రాయాలని మునస్వామి అడిగాడు. చెంగయ్య దానికి కూడా జవాబు తయారుగా ఉంచుకున్నాడు. ఆమె పుట్టింటివాళ్ళవి అన్నాడు. కాగితం ఇంటికి తెచ్చి అత్త ముందర పెట్టి, వేలిముద్ర వెయ్యమన్నాడు. అదేమిటని ముసలామె అడిగింది.

"నీ కూతురి లెక్కలన్నీ ఇంక నీవి, అత్తా. లాభమైనా నష్టమైనా నీదే."

సిద్ధమ్మ అల్లుడి మొహం కాసేపు చూసింది. "నా బిడ్డ లెక్క నేను మోయలేనా?" అని వేలికి సిరా పూసుకుంది. ఆ రాత్రి చెంగయ్య హాయిగా నిద్రపోయాడు. అప్పులవాడు వస్తే ఇల్లు అన్నదమ్ములది, బాకీ ముసలిదానిది. ముసలిదాని ఆస్తి రెండు చీరలూ ఒక ఆకువక్కల సంచీ. కుప్పయ్య దాన్ని పట్టుకుపోయినా చెంగయ్యకు అభ్యంతరం లేదు.

మాసికం రోజున ఇల్లు నిండుగా ఉంది. సాక్ష్యానికి ఉంటాడని మునస్వామిని భోజనానికి పిలిచాడు చెంగయ్య. దేవరాజులు పిలవకముందే వచ్చాడు, పాకాల పెద్దమనుషులతో పాటు కొబ్బరితాడు ఒకటి తెచ్చుకున్నాడు. వంటింట్లో పిండాలకు అన్నం ఉడుకుతుంటే వాడు తాడుతో గదులు కొలిచి, నడిమధ్య ఎక్కడొస్తుందో చూసి నేల మీద సుద్దతో గీత గీశాడు. గీత వంటింటి పొయ్యిని తమ్ముడి వైపు వదిలేసింది. కాగితం మాటే కదా, ఇంత తొందరెందుకని చెంగయ్య అడగబోయాడు గానీ, కాణిపాకంలో ప్రమాణం విన్న పెద్దమనుషులు పక్కనే ఉండడంతో నోరు మెదపలేదు.

పన్నెండు దాటాక కుప్పయ్య వచ్చాడు. అదే పంచె, అదే గుడ్డసంచి. అందరితో పాటు కూర్చుని కడుపునిండా తిన్నాడు, చెయ్యి కడుక్కున్నాడు, చంద్రకాంతమ్మ దీపానికి దండం పెట్టాడు. చెంగయ్య గొంతు సవరించుకుని, అతను నోరు తెరవకముందే తన మాట చెప్పేశాడు. చచ్చినామె లెక్కలతో తనకు సంబంధం లేదనీ, ఇల్లు ఆమెది కాదనీ, లావాదేవీలన్నీ ఆమె తల్లివనీ, కాగితం ఉందనీ, సాక్షులు వీరనీ చెప్పాడు. మునస్వామి కాగితం తీసి చదివాడు. పెద్దమనుషులు తలలూపారు.

కుప్పయ్య అంతా విని, "మంచిదన్నా. ఎవురికియ్యాల్నో తెలీక నేనే తికమకపడతా ఉన్నా," అన్నాడు.

"ఇచ్చేదేంది?"

సంచి విప్పాడు కుప్పయ్య. అందులో నోట్ల కట్టలు ఉన్నాయి, ఒకటి కాదు. నూలు ధర పడిపోయి తన మగ్గాలు అమ్ముడుపోబోయిన ఏడాది చంద్రకాంతమ్మ చీరల మీద మిగిలినదంతా తెచ్చి తన చేతిలో పోసిందనీ, రెండు మగ్గాలు ఆమె పెట్టుబడితోనే నిలబడ్డాయనీ, అప్పటి నుంచి తన వాటా తీసుకోకుండా అక్కడే ఉంచిందనీ చెప్పాడు. ఇన్నాళ్ళ వాటాలన్నీ కలిపి ఇవి అన్నాడు. ఆ సొమ్ముతో చెంగయ్య ఇల్లులాంటిది ఇంకొకటి కట్టి, చుట్టూ ప్రహరీ గోడ కూడా పెట్టవచ్చు.

"మరి నా బిడ్డ ఎందుకు తీసుకోలే?" అని అడిగింది సిద్ధమ్మ.

"అక్క అంటా ఉండె. ఆయనకు తమ్ముడి మీద అనుమానం, తమ్ముడికి ఆయన మీద అనుమానం. ఈ దుడ్లు ఎంతో కొంత తమ్ముడి చేతిలో పెట్టి, ఇద్దరికీ మాటలు కలపాలంటా ఉండె."

దేవరాజులు తాడు చుట్టుకుంటూ తల వంచుకున్నాడు. చెంగయ్యకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అవి ఆమె కోసమో సంచి కోసమో అతనికే తెలియలేదు. ముందుగా తేరుకున్నది మాత్రం చెయ్యి. అది సంచి వైపు పోయింది.

మునస్వామి దగ్గాడు. "రావలసినది ఏదైనను నాకు సంబంధము లేదు," అని కాగితంలో ఆ వరుస మీద వేలు పెట్టి మళ్ళీ చదివాడు. తాను వద్దంటే కూడా రాయించాడని పెద్దమనుషులకు గుర్తు చేశాడు.

చెంగయ్య చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఆ కాగితమే అబద్ధం అన్నాడు. ఇల్లు తన కష్టమే అన్నాడు, తమ్ముణ్ణి తానెప్పుడూ మోసం చెయ్యలేదన్నాడు, తోపు ధర చెప్పింది చెప్పినట్టే పంచానన్నాడు. పదేళ్ళుగా చెప్పిన నిజం మళ్ళీ చెప్పాడు. పాకాల పెద్దమనుషుల్లో పెద్దాయన అతని దగ్గరగా వచ్చి మెల్లగా అడిగాడు.

"అయితే కాణిపాకంలో సామి ముందర అబద్ధం ఆడినావా, అబ్బా?"

చెంగయ్య చుట్టూ చూశాడు. అందరూ జవాబు కోసం చూస్తున్నారు. అవునంటే అతని చేతి నీళ్ళు తాగేవాడు జిల్లాలో దొరకడు, కాటా దగ్గర నిలబెట్టే షావుకారు అంతకన్నా దొరకడు. కాదంటే మోసగాడు. మోసగాడికి మండీలో ఉద్యోగానికి లోటు లేదు.

"లేదు," అన్నాడు. "నిజమే జెప్పినా."

కుప్పయ్య లేచి సంచి తీసుకుపోయి సిద్ధమ్మ ఒళ్ళో పెట్టాడు. ఆ రెండు మగ్గాలు కూడా ఇంక ఆమెవేననీ, వాటా ఏటేటా పూతలపట్టుకు పంపుతాననీ చెప్పాడు. ఈసారి అడగకుండానే మంచినీళ్ళు తాగి సెలవు తీసుకున్నాడు. దేవరాజులు అన్న పక్కన వచ్చి కూర్చుని, ఎండాకాలంలోగా గోడ పెట్టిస్తే ఇద్దరికీ సదుపాయమన్నాడు. పదేళ్ళ తర్వాత అన్నదమ్ములకు మాటలు కలిశాయి, చంద్రకాంతమ్మ కోరుకున్నట్టే.

సాయంత్రం సిద్ధమ్మ ప్రయాణం కట్టింది. కూతురి సొమ్ము మొదటిసారి ఇల్లు చేరేదాకా మూట విప్పకూడదని, విప్పి చిల్లర తియ్యడం అసలే మంచిది కాదని చెప్పి, వీధి గుమ్మంలో ఆగి అల్లుడి వైపు చూసింది.

పూతలపట్టుకు బస్సు చార్జీ చెంగయ్యే ఇచ్చాడు.